అందరూ ఒకే హోటల్లో తినాలని ఎవరన్నారు?

దసరా సెలవులు దగ్గరపడేసరికి మనకొచ్చే ఉత్తరాల్లో సగం విదేశీ ప్రయాణాల మీదే ఉన్నాయి. చిత్రమేమిటంటే ఏ ఊళ్లో ఏం చూడాలని ఒక్కరూ అడగలేదు. అందరి టెన్షనూ తిండి గురించే. వాటిలో నాలుగు ఇక్కడ.

ప్రశ్న: మేం ఎనిమిది మందిమి దసరాకి సింగపూర్, మలేషియా వెళ్తున్నాం. మామయ్యగారు శాకాహారి, షుగర్ ఉంది. అత్తయ్యగారు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. మావారికీ మరిదికీ నాన్‌వెజ్ లేనిదే ముద్ద దిగదు, పిల్లలకి నూడుల్స్ కావాలి. టూర్ ఏజెంటు రోజూ రాత్రి ఇండియన్ బఫే పెట్టిస్తానంటున్నాడు. "పనీర్ బటర్ మసాలా తినడానికి అంత దూరం పోవాలా" అని మావారు గొడవ. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీవారి మాట నిజమేనమ్మా, అత్తగారి ముందు అనకుండా ఉంటే బాగుండేది.

మొదటిసారి మా అత్తమామల్ని తీసుకెళ్లినప్పుడు నేనూ ఆ బఫేకే ఒప్పుకున్నాను. నాలుగు రాత్రులూ అదే పనీరు, అదే పసుప్పచ్చ పప్పు, ముందు బస్సువాళ్లు తిని లేచేదాకా మెట్ల మీద నిలబడటం. మా అత్తగారు పోనీ పెరుగన్నం తిందామని కలుపుకుంటే ఆ పెరుగులో పంచదార. ఇప్పటికీ మా ఇంట్లో సింగపూర్ పేరెత్తితే తీపి పెరుగు సంగతే ముందొస్తుంది. కాబట్టి ఏజెంటుతో ఇప్పుడే మాట్లాడి సగం బఫేలైనా తీయించెయ్యండి, వాటి డబ్బు తగ్గించమని గట్టిగా అడగండి.

వాటి బదులు హాకర్ సెంటర్లకి వెళ్లండి. పెద్ద షెడ్డు, చుట్టూ పదుల కొద్దీ చిన్న చిన్న కొట్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. ఎవరికి నచ్చిన కొట్టు దగ్గర వాళ్లు కొనుక్కుని ఒకే బల్ల దగ్గరికి తెచ్చుకుని తింటారు. మీలాంటి ఇంటికోసమే కట్టారా అనిపిస్తుంది. సింగపూర్ వాళ్లకి ఇది ఎంత గొప్పంటే, 2020లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో కూడా చేర్పించుకున్నారు. వెళ్లగానే బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టండి, ఆ బల్ల మీదైపోయినట్టే. దీన్ని అక్కడ 'చోప్' చెయ్యడం అంటారు, మన బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే మీరు కూర్చోకండి మరి. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి స్టాండులో పెట్టాలి, 2021 సెప్టెంబరు నుంచి అది తప్పనిసరి. హలాల్ ట్రేలకి వేరే స్టాండు ఉంటుంది, కలపకండి.

మొదటి రోజు లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్‌తో మొదలుపెట్టండి, పెద్దవాళ్లకి బెరుకు పోతుంది. పొద్దున్నే సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లి వస్తే మామయ్యగారి మనసు కూడా కుదుటపడుతుంది. అదే రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ ఉంది, ఇడ్లీ దోసెలకి లోటు లేదు.

ఇక అత్తయ్యగారి సంగతి. ఇది చాలామందికి తెలియదు, ఉల్లి వెల్లుల్లి లేని వంట మన ఇండియన్ హోటళ్లలో కంటే చైనీస్ శాకాహార కొట్లలోనే తేలిగ్గా దొరుకుతుంది. బౌద్ధ సంప్రదాయంలో శాకాహారమంటే ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. బోర్డు మీద 素 అనే అక్షరం ఉంటుంది, ఈ పేజీ ఫోటో తీసి ఫోన్లో దాచుకోండి. గుడ్డు వేస్తారేమో మాత్రం అడగాలి. ఇంకో సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి, సోయాతో, గోధుమ జిగురుతో అచ్చం బాతు మాంసంలా, చేప ముక్కలా చేసి పెడతారు. మా మామగారు ఒకసారి పళ్లెం చూసి కుర్చీలోంచి లేచిపోయారు, అది సోయా అని నమ్మించడానికి అరగంట పట్టింది, నమ్మాక కూడా తినలేదనుకోండి.

మామయ్యగారికి కాఫీ కావాలంటే ఊరికే 'కోపి' అనకండి, గ్లాసు అడుగున కండెన్స్‌డ్ మిల్క్ పోసి ఇస్తారు, షుగర్ ఎక్కడికో పోతుంది. 'కోపి ఓ కొసాంగ్' అంటే పాలూ పంచదారా లేని కాఫీ. పాలు కావాలనుకుంటే 'కోపి సీ కొసాంగ్', అందులో తీపి కలపని చిక్కటి పాలు పోస్తారు. కొసాంగ్ అంటే మలయ్ భాషలో ఖాళీ అని, ఆ ఒక్క మాట నేర్పిస్తే చాలు.

మలేషియాలో రోటీ చనాయ్ తినొచ్చు, మన పరోటాకి తమ్ముడే. కానీ మామక్ హోటళ్లలో, అంటే తమిళ ముస్లింల కొట్లలో, పప్పు మీద అలవాటుగా ఒక గరిటె చేపల పులుసు కూడా పోసేస్తారు. 'దాల్ సాజా' అనండి, పప్పు మాత్రమే అని. తూటికూర వేపుడు కనిపించి అత్తయ్యగారు ముచ్చటపడితే ఆపండి, అక్కడ దాన్ని ఎక్కువగా బెలచాన్‌తో చేస్తారు, అది రొయ్యల ముద్ద. మీరు పెనాంగ్ కూడా వెళ్తుంటే అదృష్టం బాగున్నట్టే. చైనా వాళ్ల తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు అక్కడ తొమ్మిది దేవుళ్ల పండగ చేసి శాకాహారమే తింటారు. చాలా ఏళ్లు అది మన నవరాత్రులతో కలిసే వస్తుంది. వీధుల్లో పసుపు జెండాలు కట్టిన కొట్లు ఎటు చూసినా ఉంటాయి.

మీవారూ మరిదీ ఏం తినాలో నేను చెప్పక్కర్లేదు. బల్లకి ఆ చివర కూర్చోబెట్టండి.

ప్రశ్న: పోయినేడాది గోవాలో నలుగురం తిన్నదీ తాగిందీ కలిపి నాలుగు భాగాలు చేశారు. నేను తాగను, నాన్‌వెజ్ తినను. నాకే బొక్క. ఇప్పుడు బ్యాంకాక్ అంటున్నారు, అడిగితే పిసినారి అంటారని భయం.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: టికెట్లు బుక్ చేసేముందే గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టు తమ్ముడూ, "తాగేవాళ్లది తాగేవాళ్లే చూసుకోండి, మిగతాదంతా సమానం" అని. నలుగురూ నవ్వుతారు, ఒకడు ఏదో జోకేస్తాడు, అంతే, అయిపోతుంది. అదే మాట బ్యాంకాక్‌లో బిల్లు వచ్చాక, ముగ్గురూ తాగి ఉన్నప్పుడు అన్నావనుకో, ఊరొచ్చేదాకా మాటలుండవు.

టాక్సీలు, పడవలు, టికెట్లకి తలా కొంత వేసి ఒక పర్సులో పెట్టండి, అది ఒక్కడి దగ్గరే ఉండాలి, ఆ ఒక్కడు లెక్క రాసేవాడై ఉండాలి. తిండికి మాత్రం మాల్స్‌లో ఫుడ్ కోర్టులకి పదండి. చాలా చోట్ల కౌంటర్లో డబ్బు కట్టి కార్డు తీసుకుంటారు, తిన్నాక మిగిలింది తిరిగిస్తారు. ఎవడి కార్డు వాడిది, వాడు పంది మాంసం తిన్నా నువ్వు మామిడిపండు, జిగురన్నం తిన్నా లెక్కల గొడవ లేదు.

పెద్ద రెస్టారెంటుకే వెళ్తే మెనూ కింద రెండు ప్లస్ గుర్తులున్నాయేమో చూడు. అంటే ధర మీద 10 శాతం సర్వీస్ ఛార్జీ, ఆ మొత్తం మీద మళ్లీ 7 శాతం వ్యాట్. వెయ్యి బాత్ అనుకున్నది 1177 అవుతుంది. మనవాళ్లు ఇది చూసుకోక వెయిటర్‌తో దెబ్బలాటకి దిగడం నేను కళ్లారా చూశాను.

ప్రశ్న: ఆవకాయ, రైస్ కుక్కర్ తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆవకాయ తీసుకెళ్లండి, కానీ చెక్-ఇన్ సంచిలో. చేతిసంచిలో పెడితే నూనె ఉందని సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెట్టేస్తారు, అక్కడ ఏడ్చినా లాభం లేదు. సీసాలో వద్దు, కొట్లో ప్యాక్ చేయించి రెండు కవర్లలో చుట్టండి. చికెన్, రొయ్యల పచ్చళ్లు మాత్రం ఇంట్లోనే వదిలెయ్యండి, మాంసం విషయంలో కస్టమ్స్ వాళ్లు కఠినంగా ఉంటారు. అన్నిటికంటే కందిపొడి నయం, కారదు.

రైస్ కుక్కర్ వద్దమ్మా. హోటల్ గదుల్లో వండటం చాలా చోట్ల నిషేధం, పోపు పెట్టారంటే పొగ అలారం మోగి అందరూ వరండాలోకి వస్తారు. గదిలో కెటిల్ ఉంటుంది, వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా ప్యాకెట్లు నాలుగు పడెయ్యండి.

ప్రశ్న: పోయిన నెల అమ్మానాన్నల్ని వియత్నాం తీసుకెళ్లాను. ఇద్దరూ శాకాహారులు. కూరగాయలు చుట్టిన రోల్స్ తేనె రంగు సాస్‌లో ముంచుకుని అమ్మ ఎంతో ఇష్టంగా తింది, రెండుసార్లు అడిగి వేయించుకుంది. ఇంటికొచ్చాక తెలిసింది అందులో చేప ఉందని. జనవరిలో థాయ్‌లాండ్ వెళ్తున్నాం. ఎలా జాగ్రత్తపడాలి? అమ్మకి చెప్పాలా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఆ హోటలు వాళ్లు మోసం చేశారనుకోకండి. మాంసం ముక్క కనబడకపోతే అది కూరగాయల వంటేనని అక్కడ చాలామంది లెక్క. ఆ సాస్‌లో ఉన్నది నువొక్ మామ్, అంటే చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన రసం, అది వాళ్లకి మన చింతపండులాంటిది, లేకుండా వంట ఊహించలేరు. అందుకే 'వెజ్' అన్న మాట పనిచెయ్యదు. వియత్నాంలో 'చై' అనాలి, అంటే దీక్షలో తినే శాకాహారం. చాలామంది చాంద్రమాన నెలలో ఒకటో రోజూ పదిహేనో రోజూ, అంటే మన అమావాస్య, పౌర్ణమి లెక్కన, చై తింటారు, ఆ మాట అందరికీ తెలుసు.

థాయ్‌లాండ్‌లో దానికి సమానమైన మాట 'జే'. పసుపు పలక మీద ఎర్రగా เจ అని రాసి ఉన్న కొట్టయితే చేప సాస్, గుడ్డు, పాలు, వెల్లుల్లి ఏదీ ఉండదు. 'మంగ్సవిరత్' అన్నా శాకాహారమే కానీ గుడ్డు ఉండొచ్చు. మామూలు హోటల్లో అయితే 'మై సై నామ్ ప్లా', అంటే చేప సాస్ వెయ్యొద్దని చెప్పండి, నోటితో కాదు, థాయ్ లిపిలో రాయించి ఫోన్లో చూపించండి, మన ఉచ్చారణకి అక్కడ అర్థం మారిపోతుంది. పచ్చి బొప్పాయి సలాడ్ చూసి ఆకులూ కాయలే కదా అనుకోకండి, అందులో ఎండురొయ్యలు కూడా దంచుతారు.

అమ్మగారి సంగతి అడిగారు. నేనైతే నా అంతట నేను చెప్పను. కానీ థాయ్‌లాండ్‌లో మీరు ప్రతి ప్లేటుకీ ఫోను చూపిస్తుంటే ఆవిడకే అనుమానం వస్తుంది, "మరి అప్పుడో?" అని అడుగుతారు. అడిగితే అబద్ధం చెప్పొద్దు.