లీష్ బిగిస్తే అడుగు పడకూడదు

పర్లాకిమిడి

మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

మోచేయి గీరుకుపోయిందన్నావు, ముందు దాని సంగతి చూసుకో అమ్మలూ. నడకలో లీష్ (మెడకు కట్టి పట్టుకునే తాడు) లాగేస్తున్న మీ కుక్క బ్రూనో గాడి గురించి ఫోన్లో చెబితే సగం గుర్తుండదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. బరంపురంలో నీకు సలహాలిచ్చేవాళ్లకు కొదవ లేదని నాకు తెలుసు. ముళ్ల కాలర్ కొనమని ఒకరు, లాగినప్పుడల్లా ఒక్కటి తగిలించమని ఇంకొకరు చెబుతారు. ఆ రెండూ వద్దు. గొంతు నొక్కే అలాంటి కాలర్ శ్వాసనాళాన్ని దెబ్బతీయొచ్చు. అదీకాక, బయటికి వెళ్తే మెడ నొప్పి పుడుతుందని నేర్చుకున్న కుక్క, ఎదురొచ్చిన ప్రతి మనిషినీ ప్రతి కుక్కనూ ఆ నొప్పికి కారణం అనుకోవడం మొదలుపెడుతుంది. పిరికిదవుతుంది, లేదా మీదపడుతుంది.

వాడు మొండివాడు కాదు. ఏడు నెలల లాబ్రడార్‌కి ఒంట్లో బలం వచ్చింది, బుర్రలో నిలకడ ఇంకా రాలేదు. వాడు లాగినప్పుడల్లా నువ్వు వెనకాలే నాలుగడుగులు వేశావు, వాడు వాసన చూడాలనుకున్న స్తంభం దగ్గరికి చేరాడు. అంటే లాగితే పని అవుతుందని వాడికి రోజూ రుజువవుతోంది. కాబట్టి ఇవాళ్టి నుంచి ఒకటే నియమం. లీష్ బిగిస్తే నీ అడుగు పడకూడదు, వదులైతేనే పడాలి. వెనక్కి గుంజకు, తిట్టకు, చెయ్యి పొట్టకు ఆనించుకుని ఊరికే నిలబడు. కాసేపటికి ఏమైందా అని వాడు నీ వైపు తిరుగుతాడు. ఆ తిరగడంలోనే తాడు వదులవుతుంది. ఆ క్షణంలో 'భేష్' అని నడక మొదలుపెట్టు. మొదటివారం వీధి చివరిదాకా కూడా వెళ్లలేకపోవచ్చు. ఫర్వాలేదు.

ఇక్కడ అల్లుడుగారితో ఒక మాట చెప్పాలి. నువ్వు పొద్దున్న ఆగుతూ, ఆయన సాయంత్రం పోనీలే అని లాగనిస్తే నువ్వు పడ్డ కష్టమంతా పోతుంది. పైగా ఎప్పుడో ఒకసారి ఫలితం దొరికే అలవాటు, ఎప్పుడూ దొరికేదానికంటే మొండిగా పాతుకుపోతుంది. లాటరీ టికెట్ కొనేవాడి పట్టుదల లాంటిదే అది. ఇంట్లో అందరూ ఒకే పద్ధతి పాటించాలి, ఒకే మాట వాడాలి. నువ్వు 'పక్కన' అంటే పిల్లలూ 'పక్కన' అనాలి, పనమ్మాయీ అదే అనాలి. అందరికీ కుదరని రోజున వాడిని నడక నేర్పే కాలర్‌తో తీసుకెళ్లకుండా, ఛాతీకి తగిలించే హార్నెస్ వేసి మామూలుగా తిప్పుకురండి. హార్నెస్ వేసుకున్నప్పుడు వేరే రూల్, కాలర్ వేసుకున్నప్పుడు వేరే రూల్ అని వాడు త్వరగానే పట్టేస్తాడు.

సామాను పెద్దగా అక్కర్లేదు. వెడల్పాటి మామూలు కాలర్, దాని కింద నీ రెండు వేళ్లు దూరేంత వదులు. అయిదారు అడుగుల నూలు లేదా నైలాన్ లీష్. ఇనప గొలుసు బరువుకు తాడు వదులుగా ఉందో బిగుసుకుందో వాడికీ తెలియదు, నీకూ తెలియదు. బటన్ నొక్కితే సాగే లీష్ అసలు కొనకు. అది ఎప్పుడూ కొంచెం బిగువుగానే ఉంటుంది, లాగితే పొడవు పెరుగుతుందని నేర్పుతుంది.

ఇప్పుడు అసలు విద్య. దీన్ని రోడ్డు మీద కాదు, మేడ మీదో వరండాలోనో మొదలుపెట్టు. ఉడికించిన చికెన్‌ని శనగగింజంత ముక్కలు చేసుకో. ఉప్పూ మసాలా లేకుండా, ఉల్లిపాయ అసలు తగలకుండా. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకు విషం. ఆ తాయిలం ఎంత పెడతావో అంత రాత్రి అన్నంలో తగ్గించు, లాబ్రడార్ ఇట్టే లావెక్కుతాడు. వాడు నీ ఎడమ పక్కన నడవాలి, వాడి భుజం నీ మోకాలికి సరిగ్గా రావాలి. తాయిలం ఎడమచేతిలోనే పెట్టుకుని, నీ చుడీదార్ పక్క కుట్టుకు ఆనించి అక్కడే అందించు. చాలామంది కుడిచేత్తో అడ్డంగా చాపి ఇస్తారు. అప్పుడు కుక్క దానికోసం నీ ముందుకి వంకర తిరుగుతుంది, మూడో రోజుకి నీ కాళ్లకు అడ్డం పడటమే దానికి అలవాటవుతుంది. తాయిలం ఎక్కడ దొరికితే కుక్క అక్కడే ఉంటుంది. అందుకే చేతి స్థానం గురించి ఇంతగా చెబుతున్నాను.

ఒక అడుగు, ఒక ముక్క. అది బాగా వస్తే రెండడుగులకు ఒకటి, తర్వాత అయిదడుగులకు. వాడు నీ ముఖంలోకి చూస్తూ నడిచినప్పుడు రెండు ముక్కలు ఎక్కువ పెట్టు. మధ్యలో ఉన్నట్టుండి కుడికి తిరుగు, వెనక్కి తిరుగు. నిన్ను గమనించకపోతే వెనకబడతానని వాడికి తెలియాలి. పది నిమిషాలు దాటనివ్వకు. వాడు ఇంకా ఉత్సాహంగా ఉండగానే ఆపెయ్. ఆకలి మీద ఉన్నప్పుడు నేర్పితే త్వరగా వస్తుంది, కడుపు నిండా తిన్నాక మాత్రం పరుగులు పెట్టించకు. పెద్ద జాతి కుక్కలకు పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది.

మేడ మీద కుదిరాక మీ సందులోకి, అక్కడ కుదిరాక పెద్ద రోడ్డుకి. ప్రతి కొత్త చోటా మళ్లీ ఒక అడుగు దగ్గర్నుంచే మొదలు. మేడ మీద వచ్చిన పాఠం బజారులో రాకపోతే వాడు మర్చిపోయాడని కాదు, ఆ సందడిలో ఇంకా నేర్చుకోలేదని.

నడకంతా పక్కనే నడవాలని పట్టుబట్టకు. కుక్కకి లోకం తెలిసేది ముక్కుతోనే. పక్కన బాగా నడిచాక 'పో' అని లీష్ వదులుగా ఇచ్చి, ఆ స్తంభమో చెట్టు మొదలో తనివితీరా వాసన చూడనివ్వు. వాడు ఇంతకాలం లాగి సంపాదించుకున్నది ఇప్పుడు నీ మాట విని సంపాదించుకుంటాడు. తాయిలం కంటే ఇదే పెద్ద బహుమతి, రోజులు గడిచేకొద్దీ చికెన్ ముక్కలు తగ్గించి దీన్నే పెంచు.

వీధి కుక్కల సంగతి నిన్ను బాగా భయపెడుతోందని అర్థమైంది. వాళ్ల వీధిలోకి మనం వెళ్తున్నాం, అరుస్తాయి. అవి దూరంగా కనపడగానే, బ్రూనో చూపు వాటిమీద అతుక్కోకముందే, రోడ్డు అవతలికి దాటు లేదా వచ్చిన దారినే తిరుగు. భయంతో లీష్ బిగించి పట్టుకుంటే ఆ టెన్షన్ తాడు గుండా వాడికి చేరుతుంది, మెడ పైకెత్తినట్టయి అవతలి కుక్కకి పోట్లాటకి రమ్మన్నట్టు కనిపిస్తుంది. వాడికి రేబిస్ టీకా ఏడాదికోసారి తప్పనిసరి. ఎవరికైనా పన్ను తగిలినా, గీరుకుపోయినా పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. లక్షణాలు మొదలయ్యాక ఆ జబ్బుకి వైద్యం లేనట్టే.

ఇంకో రెండు బరంపురం మాటలు. ఎండాకాలంలో తారురోడ్డు మీద నీ చేతి వెనకభాగం అయిదు సెకన్లు ఆనించి చూడు. నువ్వు ఓర్చుకోలేకపోతే వాడి పాదాలూ ఓర్చుకోలేవు. పొద్దు పొడవకముందే తిప్పెయ్, సాయంత్రం రోడ్డు చల్లారాకే బయలుదేరు. రెండేళ్లకోసారి ఠాకురాణీ యాత్ర (మీ ఊరి అమ్మవారి జాతర) వచ్చినప్పుడు, పులివేషాలూ డప్పులూ వీధిలో తిరుగుతున్నంతసేపూ వాడిని ఇంట్లోనే ఉంచు. అప్పుడు నేర్పేది ఏమీ ఉండదు, నేర్చుకున్నది మాత్రం చెదిరిపోతుంది. దీపావళి రాత్రి కూడా అంతే, టపాసుల భయానికి కాలర్ ఊడి పారిపోయే కుక్కలుంటాయి.

రెండు వారాలయ్యాక ఒక వీడియో తీయించి పంపు. నీ ముఖం, వాడి ముఖం నాకు అక్కర్లేదు. నీ ఎడమచెయ్యీ, లీష్ మధ్యలో వేలాడే ఒంపూ కనపడేలా పక్కనుంచి తీయమను. ఎక్కడ తేడా ఉందో అది చూసి చెబుతాను.

ఇట్లు
మీ మావయ్య