అర్థమైందా అంటే తల ఊపేస్తారు, లెక్క మాత్రం తప్పు

టీచర్ గారూ, రెండో తరగతి పిల్లలు "అర్థమైందా?" అనగానే "అయింది టీచర్" అంటున్నారని, తీరా నోట్‌బుక్ తెరిస్తే 42లోంచి 17 తీసేస్తే 35 అని సగం మంది రాస్తున్నారని, వాళ్లకి శ్రద్ధే లేదని రాశారు కదా. శ్రద్ధ సంగతి కాసేపు పక్కన పెట్టి ఆ 35ని చూడండి. 2లోంచి 7 పోదు కాబట్టి పిల్లాడు 7లోంచి 2 తీశాడు. "పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలి" అని ఎప్పుడో మనమే చెప్పి ఉంటాం. వాడు దాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు!

రేపు ఇంటూ పెట్టకుండా పక్కన కూర్చుని, "ఎలా చేశావు నాన్నా, నాకు చెప్పు" అనండి. మధ్యలో దిద్దొద్దు. అన్నిటికంటే ఇదే కష్టం, మన నోరు ఊరుకోదు. తర్వాత చీపురుపుల్లలు పదేసి చొప్పున నాలుగు కట్టలు, విడిగా రెండు ఇచ్చి, అందులోంచి 17 మీకు తిరిగి ఇమ్మనండి. కట్ట విప్పక తప్పదని వాడికే తెలుస్తుంది.

ఇంకో విషయం. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతులు గమనించి, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకనే ఆగుతున్నారని 1970ల్లో చెప్పారు. కనీసం 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, మాట్లాడేవాళ్లూ పెరిగారు. మీ పీరియడ్ ఒకటి ఫోన్‌లో రికార్డు చేసుకుని ఇంటికెళ్లి వినండి. మీరెంత ఆగుతున్నారో, ఎవరి పేరు అసలు పిలవలేదో బయటపడుతుంది. మన గొంతు మనకే కాస్త ఇబ్బందిగా ఉంటుంది, పర్వాలేదు. విన్నాక డిలీట్ చేసేయండి.

ఇక "అర్థమైందా?" బదులు, "45లోంచి 28 తీసి చూపించు" అని అడగండి.