గన్నేరు అని రాసి వదిలేయకు

అమ్మలూ,

ఒడిశా బరంపురంలో ఉద్యోగం చేసుకుంటూ, రాత్రుళ్ళు కూర్చుని మీరు ముగ్గురూ ఇన్ని మొక్కల వివరాలు డేటాబేస్‌లో ఎక్కించారంటే ముచ్చటేసింది. తొమ్మిది వందలు దాటాయి, సంక్రాంతికి వెయ్యి చేస్తాం మావయ్యా అన్నావు. ఆ వెయ్యి సంగతి కొన్నాళ్ళు పక్కన పెట్టు. ముందు ఉన్నవాటిని విడదీయాలి.

నీ డేటాబేస్‌లో గన్నేరు అని కొట్టి చూశాను. ఒక్కటే పేజీ వచ్చింది. ఫోటో ఎర్ర గన్నేరుది. కింద "కుండీలో పెంచుకోవచ్చు, మోకాలెత్తు పెరుగుతుంది" అని ఉంది. అది బిళ్ల గన్నేరు సంగతి. "ఏటా ఆకు రాలుస్తుంది" అని ఇంకో ముక్క. అది దేవగన్నేరు. ముగ్గురి జాతకాలు కలిపి ఒక పిల్లకి రాసినట్టుంది.

నవ్వుకుని ఊరుకునేవాడినే. కానీ అడుగున ఎవరో "షుగర్‌కి రోజూ రెండాకులు నమలాలి" అని చేర్చారు. జనం నమిలేది బిళ్ల గన్నేరు ఆకు. అదీ మంచిది కాదు; విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే కేన్సర్ మందులు ఆ మొక్క నుంచే వచ్చాయి, డాక్టర్ చేతిలో ఉండాల్సిన సరుకు. ఇక నీ పేజీలో ఫోటో చూసి ఎవరైనా ఎర్ర గన్నేరు ఆకు నమిలారనుకో, ఆ విషం గుండె మీద పడుతుంది. ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు ఆ లైను తీసెయ్.

నా చేతుల మీదుగా జరిగినదే ఒకటి చెప్తాను. నర్సరీ పెట్టిన కొత్తలో ఒకాయన గన్నేరు మొక్కలు కావాలని కబురు పంపాడు. వరండాలో కుండీలకి బిళ్ల గన్నేరు కావాలని ఆయన ఉద్దేశం. నేను ఊళ్ళో లేను, కుర్రాడు ఎర్ర గన్నేరు కవర్లు పది ఎత్తిచ్చాడు. ఆయన వాటిని తీసుకెళ్ళి మేకల దొడ్డి పక్కన వరసగా పెట్టాడు. రెండు మేకలు పోయాయి. డబ్బు కట్టాను గానీ ఆయన మళ్ళీ నా గుమ్మం తొక్కలేదు. బిల్లు మీద "గన్నేరు 10" అనే ఉంది, చూస్తే తప్పు ఎవరిదీ కాదు.

అందుకని పేజీ అనేది మొక్కకి ఉండాలి, పేరుకి కాదు. శాస్త్రీయ నామం ఒక్కటి తలమీద పెట్టు, మిగతా పేర్లన్నీ దానికి తగిలించు. ఎర్ర గన్నేరు నేరియం ఒలియాండర్. పచ్చ గన్నేరు కాస్కబెలా థెవీషియా. పాత పుస్తకాల్లో థెవీషియా పెరూవియానా అని ఉంటుంది. బిళ్ల గన్నేరు కేథరాంథస్ రోసియస్, నర్సరీలవాళ్ళు ఇప్పటికీ వింకా అనే పిలుస్తారు. దేవగన్నేరు ప్లుమేరియా. నాలుగూ ఒకే కుటుంబం, అపోసైనేసీ. మనవాళ్ళు ఊరికే ఒక పేరు కింద చేర్చలేదులే. పాత శాస్త్రీయ నామాలు కూడా కొట్టేయకు, వెతికినవాడు సరైన పేజీకి చేరాలి. ఏది ఇప్పుడు చెల్లే పేరో లండన్‌లోని క్యూ వృక్షోద్యానంవాళ్ళ జాబితాలో ఉచితంగానే చూసుకోవచ్చు.

ఫోటోల దగ్గర మీరంతా పువ్వు వెనకే పడ్డారు. పువ్వు లేనప్పుడు మొక్కని ఎలా పోల్చుకుంటారే? ఎర్ర గన్నేరు కణుపుకి మూడేసి ఆకులు ఉంటాయి. పచ్చ గన్నేరు ఆకు సన్నగా మెరుస్తూ కొమ్మ చుట్టూ మెలి తిరిగినట్టు వస్తుంది, తుంపితే తెల్లటి పాలు కారతాయి. బిళ్ల గన్నేరుకి ఆకులు ఎదురెదురుగా జంటలు. దేవగన్నేరు కొమ్మ బొటనవేలంత లావు. ఇవి కనపడేలా కణుపు దగ్గర ఒక ఫోటో, తుంపిన చోట ఒక ఫోటో తప్పనిసరి చెయ్యి.

ఒడియా పేర్లు కూడా పక్కనే ఉండాలి. దేవగన్నేరుని ఒడియావాళ్ళు కాఠచంపా అంటారు, బిళ్ల గన్నేరుని సదాబిహారి అంటారు. అక్కడ తికమక లేదు. నందివర్ధనం దగ్గర వస్తుంది చూడు. ఒడియాలో దాన్ని టగర అంటారు. ఆయుర్వేదం కొట్లో తగర అడిగితే ఎక్కడో హిమాలయాల్లో పెరిగే వేరు చేతిలో పెడతారు.

అంతకన్నా పెద్ద చిక్కు లిపి. మన ఇళ్ళలో పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదివింది ఒడియా బళ్ళో. మీ తమ్ముడికి నందివర్ధనం తెలుసు, తెలుగులో రాసి ఇస్తే చదవలేడు. తెలుగు పేరుని ఒడియా అక్షరాల్లో కొట్టినా, ఇంగ్లీషు అక్షరాల్లో తప్పుల తడకగా కొట్టినా దొరకాలి. మహేంద్రగిరి వైపు నుంచి సంతకి వచ్చే సవర తెగ ఆడవాళ్ళు చెప్పే పేర్లు వాళ్ళు పలికినట్టే రికార్డు చెయ్యి, సంస్కృతం చెయ్యకు. గిడుగు రామమూర్తి పంతులుగారు మన పర్లాకిమిడిలో ఉండే కదా సవర మాటలు అలా పోగేసింది. నీ చేతిలో ఫోనుంది, ఆయనకి అదీ లేదు.

పూసే నెలలు ఎక్కడివో రాయకుండా వేశారు. కోరాపుట్ గట్టు మూడు వేల అడుగుల దరిదాపు ఎత్తు, అక్కడి లెక్క మనకి కుదరదు. ఊరు, తేదీ, చూసినవాళ్ళెవరు, ఈ మూడూ లేకపోతే గడి ఖాళీగా వదిలెయ్. ఆ అమెరికా జోన్ నంబర్లు కూడా ఎందుకు? అవి చలికాలం ఎంత చల్లబడుతుందో చెప్పేవి. మనకి కావలసింది శ్రావణంలో మొక్క మొదట్లో నీళ్ళు నిలిస్తే బతుకుతుందా, మే ఎండకి ఆకు మాడుతుందా అని.

మామిడి రకాల జోలికి ఇప్పుడే వెళ్ళకు. సువర్ణరేఖని ఇటు సుందరి అంటారు, తోతాపురిని అటు కలెక్టర్ అంటారు. దానికి వేరే ఉత్తరం రాయాలి.

దసరాకి వస్తే నా పాత బిల్లు పుస్తకాలు ఇస్తాను. ఏ ఊరివాళ్ళు దేన్ని ఏమని అడిగారో పక్కన రాసుకున్నాను. అత్త ఆవ పెట్టిన పులిహోర చేస్తానంటోంది. వచ్చేటప్పుడు తెల్ల బిళ్ల గన్నేరు నారు నాలుగు మొక్కలు పట్టుకురా. నా దగ్గరున్నవి మొన్నటి వానకి నీళ్ళు నిలిచి మొదలు కుళ్ళిపోయాయి. ఆ ముక్క కూడా ఊరు, తేదీ వేసి ఎక్కించు.

మీ మావయ్య
పర్లాకిమిడి