వేడికి దారి మూయకు

చిట్టితల్లీ,

కట్టెల పొయ్యికి బాయిలర్ పెట్టించి, పంపు లేకుండా ఇంటికంతా వేడినీళ్లు వచ్చేలా చేస్తున్నావనీ, పైపులు కూడా నువ్వే బిగిస్తున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో టంకం పట్టిన మొదటి ఆడపిల్లవు నువ్వే. కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. చెప్పుకున్న కొద్దీ నాకు భయం కూడా పెరిగింది. అందుకే ఈ జాబు.

కరెంటు హీటరు స్విచ్చు తీస్తే ఆగుతుంది. కట్టె అలా ఆగదు. నీళ్లు చాలినంత కాగినా, ఇంట్లో ఎవరూ లేకపోయినా, అది కాలుతూనే ఉంటుంది. నువ్వు బిగించే ప్రతి పైపూ ఈ సంగతి గుర్తుపెట్టుకుని బిగించాలి.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. వేడినీళ్ల ట్యాంకు పొయ్యికంటే ఎత్తులో, వీలైనంత దగ్గరగా ఉండాలి. బాయిలర్ పైభాగం నుంచి బయలుదేరిన పైపు ట్యాంకులోని రాగిచుట్ట పైకొసకు, చుట్ట కిందికొస నుంచి వచ్చేది బాయిలర్ అడుగుకు. రాగిపైపే వాడు, 28 మిల్లీమీటర్లకు తగ్గకు. పొయ్యి దగ్గర ప్లాస్టిక్ పైపు మాటే ఎత్తకు. అన్నిటికంటే కిందిచోట నీళ్లు వదలడానికి ఒక కుళాయి. స్నానాల గది కుళాయికి ముందు చన్నీళ్లు కలిపే వాల్వు తప్పనిసరి; 60 డిగ్రీల నీళ్లకు పిల్లల చర్మం బొబ్బలెక్కడానికి కొన్ని క్షణాలు చాలు.

ఇక వాటం సంగతి. 80 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 972 గ్రాములు తూగుతాయి, 60 డిగ్రీల దగ్గర 983. వేడెక్కి తేలికైన నీళ్లు పైకి లేస్తాయి, చల్లబడి బరువెక్కినవి దిగి వస్తాయి; ఈ 11 గ్రాముల తేడాయే నీ పంపు. ఒక మీటరు ఎత్తుకు అది ఇచ్చే తోపు 11 మిల్లీమీటర్ల నీటిమట్టమంత. అంత బలహీనమైన తోపు ముందు ఇరుకు మలుపులు పెడితే నీళ్లు కదలవు. మలుపులు పెద్దవిగా ఉండాలి, పైకి వెళ్లే పైపు మొదటి నుంచి చివరి దాకా ఎక్కుతూనే ఉండాలి. కంటికి తిన్నగా ఉందని సంతోషపడకు, రసమట్టం పెట్టి చూడు.

ఆ వాటం తప్పితే ఏమవుతుందో నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక ఇంట్లో చూశాను. దూలం అడ్డొచ్చిందని పైకెళ్లే పైపును దాని కిందుగా రెండు అంగుళాలు దించి మళ్లీ ఎక్కించారు. దిగే ముందున్న ఎత్తులో గాలి చేరింది, ప్రవాహం ఆగింది, బాయిలర్‌లోని నీళ్లు అక్కడికక్కడే మరిగాయి. ఆవిరి పోవడానికి బాయిలర్ నుంచి పైకి నోరు తెరిచి ఉంచే గొట్టాన్ని గాలిగొట్టం అంటాం. మరిగినప్పుడల్లా దాన్లోంచి నీళ్లు, బాయిలర్‌కు నీళ్లందించే పైనున్న చిన్న ట్యాంకులోకి ఎగదన్నేవి, కప్పు తడిసేది. ఇంటాయన చేతిపని తెలిసినవాడే. గాలిగొట్టం మధ్యలో ఒక వాల్వు బిగించి మూసేశాడు. చప్పుడు పోయింది, ఇంట్లోవాళ్లు మెచ్చుకున్నారు. తర్వాత గోడకు రంగు వేసినప్పుడు వాల్వుకూ వేశారు. అది అక్కడుందన్న సంగతే మరిచిపోయారు.

కొన్నాళ్లు ఏమీ కాలేదు. ఆ చిన్న ట్యాంకు నుంచి బాయిలర్‌లోకి నీళ్లు నింపే పైపులోంచే మరిగినదంతా వెనక్కి తన్నేది. మరిగి పోయినంత కొత్తనీళ్లు వచ్చేవి, వాటితో సున్నమూ వచ్చేది. చివరికి ఆ పైపు కూడా సున్నంతో పూడుకుపోయింది. రెండు దారులూ మూసుకున్నాయి. లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 1,600 లీటర్ల చోటు కావాలి తల్లీ, ఆ చోటు ఎక్కడుంది? బాయిలర్ పగిలింది. పొయ్యి ఇనుపతలుపు ఎదురుగోడలో దిగబడింది. చుట్టాలను సాగనంపడానికి అందరూ వీధిలోకి వెళ్లారు కాబట్టి బతికారు.

మర్నాడు మా గురువుగారి వెంట వెళ్లాను. ఆయన కోప్పడలేదు. రంగు పూసిన ఆ వాల్వును రెండు వైపులా కోసి తీసి ఇంటాయన చేతిలో పెట్టారు.

నువ్వు చిన్నప్పుడు కుక్కర్ ఈల చికాకుగా ఉందని దాని మీద గరిటె అదిమిపట్టావు, గుర్తుందా? మీ పెద్దమ్మ నీ వీపు మీద ఒకటి వేసి, తర్వాత నిన్ను ఒళ్లో పెట్టుకుని తనే ఏడ్చింది. అందుకే నీకు గట్టిగా చెబుతున్నాను: బాయిలర్ నుంచి గాలిగొట్టం నోటి దాకా ఎక్కడా వాల్వు ఉండకూడదు, ఎంత అందంగా ఉన్నా, ఎవరు చెప్పినా. ఆ నోరు పైనున్న చిన్న ట్యాంకు మీదికి వంగాలి. వేడినీళ్లు తేలిక కాబట్టి గొట్టంలో ట్యాంకు మట్టం కన్నా ఎత్తుగా నిలుస్తాయి. అందుకని పైపుల్లో అన్నిటికంటే కిందిచోటు నుంచి ఆ ట్యాంకు నీటిమట్టం దాకా ఎంత ఎత్తుంటే, మీటరుకు 40 మిల్లీమీటర్ల చొప్పున లెక్కగట్టి, దానికి 150 కలిపి, గొట్టాన్ని మట్టం పైకి అంత లేపాలి. అయిదు మీటర్లయితే 350. ఆ చిన్న ట్యాంకు మరిగే నీళ్లకు తట్టుకునేది కావాలి. మామూలు ప్లాస్టిక్ తొట్టి మెత్తబడి కూలితే కింద నిద్రపోయేవాళ్ల మీద పడేది మరిగే నీళ్లే.

సేఫ్టీ వాల్వు కూడా పెట్టు, దాని మూతి మనుషులు తిరగని వైపు ఉండాలి. అది ఉందని గాలిగొట్టం మాత్రం మానకు. ట్యాంకు నిండా వేడెక్కాక మిగిలిన వేడి పోవడానికి, పొయ్యి కన్నా ఎత్తులో ఒక రేడియేటర్ కలుపు. దానికీ మూసే మీట వద్దు. ఇది ఖర్చని మీ నాన్న గొణుగుతాడు. నా పేరు చెప్పు.

ఎప్పుడైనా నీళ్లు లేక బాయిలర్ ఎండి కాలుతుంటే దాన్లోకి చన్నీళ్లు మాత్రం వదలకు. కాలిన ఇనుము మీద పడిన నీళ్లు ఒక్క ఊపున ఆవిరవుతాయి. పొయ్యికి గాలి మూసేసి, అందరినీ ఆ గదిలోంచి పంపి, దానంతటది చల్లారేదాకా ఆగు.

మొదటిసారి చిన్నమంటే వెయ్యి. పైకెళ్లే పైపు వేడెక్కాక, కాసేపటికి తిరిగొచ్చే పైపు గోరువెచ్చనవ్వాలి. కాకపోతే ఎక్కడో గాలి ఉంది, కట్టెలు పెంచకుండా దాన్ని వెతుకు.

అసలు ఆ మొదటి మంట నేను వచ్చేదాకా ఆపు. నా రసమట్టం తెస్తాను, నీది నేను నమ్మను.

మీ పెదనాన్న