సందేహాలు – సమాధానాలు: ఒకే ఓపీలో గుండె, మనసు

ప్రశ్న: నేను ములుగు జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా పనిచేస్తున్నాను. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు కావలసిన సీఎంఈ (వైద్యుల నిరంతర విద్య) క్రెడిట్ గంటల కోసం వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో జరిగే సదస్సులకు వెళ్తుంటాను. గుండె జబ్బుల మీద ఒక రోజు, మానసిక ఆరోగ్యం మీద మరో రోజు ప్రసంగాలు వింటాను గానీ, తిరిగి వచ్చి ఓపీలో కూర్చున్నాక నేను చేసే వైద్యంలో పెద్దగా మార్పు కనిపించడం లేదు. నాలాంటివారు ఏం నేర్చుకోవాలి, ఎలా నేర్చుకోవాలి?
– ఒక వైద్యాధికారి, ములుగు జిల్లా

జవాబు: డాక్టర్ గారూ, మీరు గమనించిన సంగతినే పరిశోధకులూ గమనించారు. వైద్యులు ఐదేళ్లలో కనీసం 30 గంటలు విద్యా కార్యక్రమాల్లో పాల్గొనాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. నియమం మంచిదే, కానీ గంటలు పూర్తయినంత మాత్రాన చేతికి పని వచ్చినట్టు కాదు. డేవ్ డేవిస్ బృందం 1999లో ‘జామా’ అనే అమెరికా వైద్య పత్రికలో ప్రచురించిన సమీక్ష ప్రకారం, కేవలం ప్రసంగాలు వినడం వల్ల వైద్యుల పద్ధతి మారినట్టు ఆధారం దొరకలేదు. చర్చ, అభ్యాసం ఉన్న శిక్షణల వల్ల, ముఖ్యంగా విడతలవారీగా జరిగినవాటి వల్ల మార్పు వచ్చింది. కాబట్టి శిక్షణ మీ ఓపీలో మీరు చూసిన రోగితో మొదలు కావాలి.

అమెరికాలోని న్యూమెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో హెపటైటిస్-సి చికిత్స కోసం ప్రారంభించిన ‘ఎకో’ పద్ధతి ఇలాంటిదే. గ్రామీణ వైద్యులు తమ రోగి వివరాలను వీడియోలో వినిపిస్తారు, నిపుణులతో పాటు తోటి వైద్యులు కూడా చర్చిస్తారు, చికిత్స మాత్రం ఆ ఊరి వైద్యుడి చేతిలోనే ఉంటుంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఈ పద్ధతిని మనోవైద్యానికి తీసుకొచ్చింది. ప్రాథమిక వైద్యుడు తన ఓపీలో రోగిని చూస్తుండగా నిపుణుడు వీడియోలో తోడుండి నేర్పే శిక్షణను కూడా అక్కడే రూపొందించారు. వరంగల్‌లో 1959 నుంచి కాకతీయ వైద్య కళాశాల ఉంది, కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయమూ ఇక్కడే ఉంది. చుట్టుపక్కల జిల్లాల వైద్యాధికారులతో కార్డియాలజీ, సైకియాట్రీ విభాగాలు కలిసి ఇలాంటి చర్చను క్రమం తప్పకుండా నడపాలన్నది నా గట్టి కోరిక. రెండు విభాగాలూ కలిసి అని ఊరికే అనడం లేదు. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనం గుండెపోటుకు ప్రధానమని తేల్చిన తొమ్మిది అంశాల్లో పొగాకు, రక్తపోటు, మధుమేహాలతో పాటు మానసిక ఒత్తిడి, కుంగుబాటు కూడా ఉన్నాయి. దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, ఇతర ప్రాంతాల వారికంటే ఇది దాదాపు ఆరేళ్లు ముందని కూడా ఆ అధ్యయనం చూపింది.

ఇక ఏం నేర్చుకోవాలన్న ప్రశ్న. మీరున్న చోట మొదట చేతికి రావలసింది ఈసీజీ చదవడం. ఛాతీ నొప్పితో వచ్చిన వ్యక్తికి 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. ఎస్‌టీ ఎలివేషన్ (ఈసీజీ గీతలో ఒక భాగం పైకి లేవడం) ఉన్న గుండెపోటులో 120 నిమిషాల్లోపు యాంజియోప్లాస్టీ (మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచే చికిత్స) అందే వీలు లేకపోతే, నొప్పి మొదలై 12 గంటలు దాటనివారికి, ఇవ్వకూడని కారణాలేవీ లేవని చూసుకుని, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలి. ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు సుమారు 100 కిలోమీటర్లు. 108 రావడానికి, ఆసుపత్రిలో క్యాథ్‌ల్యాబ్ (యాంజియోప్లాస్టీ చేసే గది) సిద్ధం కావడానికి పట్టే సమయం కలిపితే ఆ 120 నిమిషాలు చాలవు. అందువల్ల ఆ ఈసీజీని మీరే చదవగలగాలి, నిమిషాల్లో నిపుణుడి ఫోన్‌కు పంపగలగాలి, ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలించి, ఆ ఇంజెక్షన్ దొరికే అన్నిటికంటే దగ్గరి ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకుని ఉండాలి. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా నొప్పి తగ్గకపోతే 15–30 నిమిషాలకు మళ్లీ తీయండి. మధుమేహం ఉన్నవారు, ముఖ్యంగా ఆడవాళ్లు, నొప్పి అనకుండా ఆయాసం, చెమటలు, ‘గ్యాస్ పట్టింది’ అని మాత్రమే చెప్పే సందర్భాలు ఉంటాయి. పాత ఈసీజీలను దాచుకుని తోటి వైద్యులతో కలిసి చదువుతూ పోతే వచ్చే నైపుణ్యం ప్రసంగాల వల్ల రాదు.

మనసు విషయంలో కష్టం వేరు. మన ఓపీకి వచ్చి దిగులుగా ఉందని చెప్పుకునేవారు తక్కువ. ‘పానం మంచిగుంటలేదు సార్, గుండె దడదడ అంటున్నది, రాత్రి నిద్ర వడ్తలేదు, కాళ్లు చేతులు గుంజుతున్నయి’ అంటారు. బీ-కాంప్లెక్స్ ఇంజెక్షన్, నిద్ర మాత్ర తీసుకుని వెళ్లిపోతారు. ఇలాంటప్పుడు గత రెండు వారాల్లో దేని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులుగా ఉండడం గురించి రెండు ప్రశ్నలు అడగండి. అవునంటే కుంగుబాటును అంచనా వేసే తొమ్మిది ప్రశ్నల పత్రం పీహెచ్‌క్యూ-9 పూర్తిచేయండి. దానిలో 27కు 10 లేదా అంతకు మించి వస్తే కుంగుబాటు కోసం సవివరంగా పరీక్షించాలి. చనిపోవాలన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నను చాలామంది మొహమాటంతో దాటవేస్తారు. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. పత్తి పండించే మన జిల్లాల్లో దానికి తోడు మరో ప్రశ్న తప్పనిసరి: ‘ఇంట్లో పురుగుల మందు డబ్బా ఎక్కడ పెట్టారు?’ దాన్ని తాళం వేసిన చోట ఉంచమని, వీలైతే ఇంట్లోంచే తీసేయమని కుటుంబానికి చెప్పండి. 24 గంటలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ-మానస్ 14416 నంబరును చీటీ మీద రాసి ఇవ్వండి, అక్కడ తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: నాకు హనుమకొండలో క్లినిక్ ఉంది. ఏనుమాముల మార్కెట్‌లో హమాలీగా పనిచేసే 54 ఏళ్ల వ్యక్తికి నాలుగు నెలల క్రితం గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) బాగానే ఉన్నా పనికి వెళ్లడం లేదు, ఎవరితోనూ మాట్లాడడం లేదు, ఎక్కడో రాసిచ్చిన ఆందోళన తగ్గించే మాత్ర ఆల్‌ప్రజోలాం రోజూ వాడుతున్నాడు. కుంగుబాటుకు నేనే మందు మొదలుపెట్టవచ్చా?

జవాబు: మొదలుపెట్టవచ్చు. గుండెపోటు తర్వాత దాదాపు ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన కుంగుబాటు వస్తుంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూసి, కల్లు, సారా అలవాటు గురించి అడిగి, గతంలో మానియా (మితిమీరిన ఉత్సాహం, ఆవేశం) వచ్చిందేమో కనుక్కొని, కుంగుబాటు మందు సెర్ట్రలిన్ 25 మిల్లీగ్రాములతో ఆరంభించి వారం తర్వాత 50కి పెంచండి. గుండెపోటు వచ్చినవారిలో ఈ మందు సురక్షితమని 2002లో ‘శాడ్‌హార్ట్’ అధ్యయనం చూపింది. గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని మొదటి రోజే చెప్పకపోతే, పది రోజులకే మానేస్తారు. రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిసినప్పుడు రక్తస్రావం ముప్పు పెరుగుతుంది కాబట్టి మలం నల్లగా వస్తే వెంటనే రమ్మనండి. పాత తరం కుంగుబాటు మందులైన అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ ఇలాంటి రోగికి వద్దు. ఎస్సిటలోప్రాం వాడాల్సి వస్తే ఈసీజీలో క్యూటీ (గుండె లయ తప్పే ముప్పును సూచించే వ్యవధి) చూడకుండా ఇవ్వకండి. ఆల్‌ప్రజోలాంను ఒక్కసారిగా ఆపకుండా వారాల తరబడి మెల్లగా తగ్గించండి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. కుంగుబాటుకు చికిత్స చేస్తే మరో గుండెపోటు గానీ మరణం గానీ తగ్గుతుందని 2,481 మందితో జరిగి 2003లో వెలువడిన ‘ఎన్‌రిచ్డ్’ అధ్యయనం నిరూపించలేకపోయింది. అయినా ఆ మనిషి నిద్రపోవాలి, తినాలి, ఇంట్లోవాళ్లతో మాట్లాడాలి. చికిత్సకు ఆ కారణం చాలు. పైగా కుంగిపోయినవారు మాత్రలు మానేస్తారు, స్టెంట్ ఉన్న మనిషి క్లోపిడోగ్రెల్ మానేస్తే ప్రాణానికే ప్రమాదం. వచ్చిన ప్రతిసారీ మందుల సంచి తెప్పించుకుని, పట్టీల్లో ఎన్ని మాత్రలు మిగిలాయో మీ చేత్తో లెక్కపెట్టండి. చనిపోవాలన్న ఆలోచన గట్టిగా ఉన్నా, ఆరు వారాలకూ తేడా లేకపోయినా సైకియాట్రిస్టుకు పంపండి.

ప్రశ్న: మా ఊరి డాక్టరు గారు తరచూ శిక్షణకని వెళ్తున్నారు. బీపీ మాత్రల కోసం వెళ్తే తలుపులు మూసి ఉంటున్నాయి. డాక్టరు చదువు పూర్తయ్యాక కూడా ఇంత శిక్షణ అవసరమా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: అమ్మా, శిక్షణ అవసరమే, కానీ మీరు ఉత్త చేతులతో తిరిగి వెళ్లడం న్యాయం కాదు. శిక్షణ తేదీని ముందుగానే బోర్డు మీద రాయించమని, బీపీ, షుగర్ మాత్రలు ఒకేసారి 30 రోజులకు ఇవ్వమని, ఆ రోజు నర్సు గానీ ఏఎన్ఎం గానీ కేంద్రంలో ఉండి బీపీ చూసే ఏర్పాటు చేయమని గ్రామ పంచాయతీ ద్వారా అడగండి. ఎక్కువ భాగం శిక్షణను ఓపీ ముగిశాక సాయంత్రం వీడియోలో జరపవచ్చు, దానిలో నర్సులు, ఏఎన్ఎంలు కూడా కూర్చోవచ్చు. ఈ సంగతి జిల్లా వైద్యాధికారి గారికి రాసే అర్జీలో తప్పక చేర్చండి.