బండి కింద దూరే ముందు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నావని, బత్తాయి లోడు బాటసింగారం మార్కెట్‌కు నువ్వే తోలుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విని ఎంత సంబరపడ్డానో. ఆ వెంటనే ఇంకో మాట చెప్పింది. బండి మెల్లగా పోయేటప్పుడు ఒకటే వణుకుతోందట, ఆదివారం నువ్వే కింద దూరి షాఫ్టు (ఇంజను తిప్పుడును వెనక చక్రాలకు అందించే పొడుగాటి రాడ్డు) విప్పుతావట. అప్పటినుంచి నాకు టెన్షన్. ఫోన్‌లో చెబితే "సరే మామా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

ముందు జాకీ సంగతి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కింద తల పెట్టొద్దు. స్టాండ్లు లేకపోతే టైర్ల షాపులో అడిగి తెచ్చుకో. ఇటుకలు మాత్రం పేర్చకు, పగిలే ముందు అవి నీకు చెప్పవు. ఇంకోటి, షాఫ్టు విప్పాక గేర్ బండిని ఆపదు. ఇంజనుకూ వెనక చక్రాలకూ ఉన్న లంకె అదొక్కటే. ఫస్ట్ గేర్‌లో పెట్టా కదా అని ధీమాగా పడుకోకు, మీ వాకిట్లో వాలు ఎంతుందో నీకు తెలుసు. హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే, వెనక భాగం పైకి లేపితే అదీ ఉన్నట్టు కాదు. ముందు చక్రాలకు రెండు పక్కలా పెద్ద రాళ్లు పెట్టాల్సిందే. నవ్వుకుంటే నవ్వుకో, రాళ్లు మాత్రం పెట్టు.

ఇక వణుకు. పానా పట్టకముందు బండి తోలి చూడు. ఎనభై దగ్గర స్టీరింగ్ ఊగితే వీల్ బ్యాలెన్సింగ్ అనుకోవచ్చు. నీది పది, ముప్పై మధ్యలో కదా. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద ముప్పైకి తెచ్చి న్యూట్రల్ చెయ్. అప్పటికీ అలాగే వణికితే ముందు టైరో, రిమ్మో చూడాలి. టైరు చుట్టూ అరచేత్తో తడుము, ఎక్కడైనా ఉబ్బు తగిలితే లోపల పొర విడిపోయినట్టే. ఆ టైరుతో హైవే ఎక్కొద్దు. వీల్ నట్ల బిగువు చూసే ఉంటావు. బ్రేక్ తొక్కినప్పుడే వణికితే బ్రేక్ డ్రమ్మో, డిస్కో. నిలబడ్డచోటే ఎక్సలేటర్ ఇస్తే వణికితే ఇంజన్ మౌంటింగ్. క్లచ్ వదిలేటప్పుడు దడదడమని, పూర్తిగా వదిలాక ఆగితే క్లచ్ ప్లేటు.

పంతంగి టోల్ గేట్ దగ్గర ఆగి కదిలిన ప్రతిసారీ, క్లచ్ మీది నుంచి కాలు తీసేశాక కూడా సీటు కింద గుడగుడమంటోందని అన్నావట. అది వినగానే నాకు మీ నాయన పాత బండి గుర్తొచ్చింది.

అప్పట్లో మీ నాయన మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలేవాడు. సీజన్ మధ్యలో జాయింట్ క్రాసు, అదే షాఫ్టు వంపులోనూ తిరిగేలా కొసన ఉండే ప్లస్ గుర్తు లాంటి ముక్క, పోయింది. మేస్త్రి తొందరలో షాఫ్టును ఒకదాంట్లో ఒకటి జారే పళ్ల దగ్గర రెండుగా లాగి, క్రాసు మార్చి, గుర్తు పెట్టుకోకుండా మళ్లీ తోసేశాడు. మర్నాటినుంచి వణుకు. కొత్త క్రాసు వేశాం కదా, ఇక షాఫ్టెందుకవుతుందని మీ నాయన వాదన. టైర్లు మార్చాడు. క్లచ్ ప్లేటు మార్చాడు. మౌంటింగులు మార్చాడు. వడ్లు తోలిన కిరాయి అంతా స్పేర్ పార్టుల షాపుకే పోయింది. షాఫ్టు చూడు బావా అంటే, బావమరిది మాట చెవికెక్కితేగా!

ఆఖరికి నేనే కింద దూరి చూశా. షాఫ్టు రెండు కొసల్లో క్రాసును పట్టుకునే ఫోర్కులూ ఒకే వరసలో ఉండాలి, ఒకటి పక్కకు తిరిగి ఉంది. క్రాసు వంపులో తిరిగేటప్పుడు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. ఫోర్కులు వరసగా ఉంటే అవతలి క్రాసు దాన్ని సరిచేస్తుంది. వరస తప్పితే సరిచేయకపోగా ఇంకా పెంచుతుంది. లాగి, తిప్పి, మళ్లీ తోశా. వణుకు పోయింది. మీ నాయన మాత్రం ఇప్పటికీ కొత్త క్లచ్ ప్లేటు అప్పుడే సెట్ అయిందంటాడు. అడిగి చూడు కావాలంటే.

అందుకని బోల్టు విప్పే ముందు ప్రతి జాయింటు దగ్గరా, పళ్ల దగ్గరా అడ్డంగా ఒక గీత గీయి. మీ చెల్లి గోళ్ల రంగు చాలు. అసలు విప్పకుండానే సగం తెలుస్తుంది. క్రాసుకు ఇటూ అటూ పట్టుకుని ఎదురెదురుగా తిప్పు, కొంచెం కూడా ఆడకూడదు. క్రాసు కొసలకున్న కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలి ఉంటే గ్రీజు ఎండిపోయినట్టు. నడుమ సెంటర్ బేరింగ్ దగ్గర షాఫ్టును పైకీ కిందికీ తోసి చూడు, రబ్బరు చిరిగి ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

వెనక బరువు మోసే స్ప్రింగు పట్టీలు, అదే కమాన్ కట్ట, కూడా చూడు. పాత ఓనరు ఎక్కువ లోడు కోసం అదనంగా పట్టీ వేయించాడేమో. వెనక లేస్తే షాఫ్టు వంపు మారి, ఖాళీ బండి కూడా వణుకుతుంది. అలాంటిదేమైనా ఉంటే పీకించెయ్. ఆర్సీలో రాసినంతే ఎక్కించు. రెండు బస్తాలు ఎక్కువ పట్టాయని మురిసిపోతే నాకు కోపమొస్తుంది, ముందే చెబుతున్నా.

శనివారం సాయంత్రం దేవరకొండలో బస్సెక్కుతా, రాత్రికల్లా నల్గొండలో ఉంటా. విప్పడం నా ముందరే. ఒకవేళ ఆగలేక నువ్వే విప్పి మార్చినా, పాత క్రాసును పాత సామాన్ల వాడికి వేయకు. కప్పు తీసి చూస్తే సూది బేరింగులు కొరికిన గాట్లు కనపడాలి. అవి లేకపోతే వణుకు ఇంకెక్కడో ఉన్నట్టు. మళ్లీ మొదటినుంచి ఇద్దరం కలిసి వెతుకుదాం.

మీ మామ