ఇంట్లో బిగించిన కారుకి నంబరు

ప్రశ్న: ఇంగ్లండులో ఉంటున్నాను. గ్యారేజీలో కిట్ కారు బిగిస్తున్నాను. ఐవీఏ పరీక్షలో (ఇలాంటి విడి కారు రోడ్డెక్కే ముందు జరిగే ప్రభుత్వ తనిఖీ) ఎక్కువగా దేని దగ్గర ఆపేస్తారండీ?

జవాబు: ఇంజిన్ దగ్గర అనుకుంటారు గానీ, అంచుల దగ్గరే. 100 మి.మీ. వ్యాసమున్న కొలత బంతి కారు బయట ఎక్కడ తగిలితే అక్కడ అంచు కనీసం 2.5 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. బ్రాకెట్లు, బోల్టు కొనలు ఇక్కడే పట్టుబడతాయి. వాటికి తొడిగే ప్లాస్టిక్ టోపీలు, రబ్బరు పట్టీలు గట్టిగా అతికించండి. చేత్తో లాగితే ఊడి రాకూడదు.

స్టీరింగు తిప్పి వదిలితే దానంతటదే తిన్నగా మధ్యకి రావాలి. రాకపోతే ముందు చక్రాల క్యాస్టర్ కోణం (పక్క నుంచి చూస్తే స్టీరింగు ఇరుసు వెనక్కి వాలిన కోణం) కాస్త పెంచి చూడండి. స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు.

విడిభాగాల రసీదులు, భాగాలు తీసిన పాత కారు వీ5సీ (రిజిస్ట్రేషన్ పత్రం) పారేయకండి. భాగాల పుట్టుక తేలకపోతే వాహనాలు నమోదు చేసే డీవీఎల్‌ఏ సంస్థ ఇచ్చేది ‘క్యూ’ ప్లేటే, అంటే వయసు తేలని బండికిచ్చే, Q అక్షరంతో మొదలయ్యే నంబరే.